గడ్డికోత బండి దిగ్విజయము

ఆకాశమున మబ్బుతునక యైనను లేని ఆదివారపు అపరాహ్ణమున, ఇరుగుపొరుగులెల్లరు భుక్తాయాసముచే గుర్రుపెట్టుచుండ, పెరటి పచ్చిక చీలమండలు దాటి పెరిగి, చెప్పు జారిన వెతుక్కొనవలసిన మహారణ్యమై విజృంభించుచుండ, ఓ శ్రోతలారా, చెవులు రిక్కింపుడు! ఒక గృహస్థునకును, అతడు మోజుపడి కొనుక్కొన్న గడ్డికోత బండికిని జరిగిన ఘోరసంగ్రామమును వినిపించెదను. మధ్యలో ఫోను చూచుకొనువారు ఇప్పుడే లేచిపోవచ్చును.

ఆ గృహస్థు సామాన్యుడా! టీవీ రిమోటునకు పాలిథీన్ కవచము తొడిగినవాడు; సోఫాకు కొన్ననాటి కవరు నేటికిని విప్పనివాడు; కొత్త గొడుగు తడిసిపోవునని దానిని చొక్కాలో దాచుకొని జడివానలో నడచి వచ్చినవాడు; వస్తురక్షణ దీక్షాదక్షుడు, ధూళికణ దర్పభంజనుడు, బంధుజనముచే ‘కవర్లాయన’ యను బిరుదము పొందినవాడు. అతని సోఫా మీద కూర్చున్న అతిథి లేచునప్పుడు వెలువడు జర్రుమను చప్పుడు వీధిలోనికి వినబడును. అతిథులు సిగ్గుపడి మరల రారు.

అట్టివాని రథము ఎర్రనిది, నాలుగు చక్రములది, ఎక్కి కూర్చుండి తోలునది. అది సింహనాదము సేయుచు బయలుదేరి, పెరడు సగమైనను దాటకమునుపే దగ్గి, తుమ్మి, ఆగిపోవుచుండెను. వారము వారము ఇదే తంతు. అంత వంటింటి గడపయందు గరిటె చేతబూని ప్రత్యక్షమైన ధర్మపత్ని ఇట్లు శాసించెను:

“ఏవండీ, ఒక్క మాట. చీకటిపడేలోపు మా చెల్లెలి మొగుడు ట్రాలీ వేసుకుని వస్తున్నాడు. అప్పటికిది నడిచిందా, సరే. లేదంటే అతనే పట్టుకుపోతాడు. వరండాలో దీన్ని తప్పించుకు తిరగలేక నా నడుం విరుగుతోంది.”

తోడల్లుడా! అత్తగారు పెద్ద మామిడిపండు ఎవరి పళ్ళెములో పెట్టెనను వివాదము పెండ్లినాటి నుండి నేటివరకు తేలకయున్నది. ఇక రథము కూడ ఆ చేతికే చిక్కెనా, అత్తవారింట తలయెత్తుట కల్ల! వీరుడు చొక్కా చేతులు మడచి, స్పానరును గదవలె భుజమున నిడి గర్జించెను:

“ఓరి లోహపిండమా! తృణభక్షకాధమా! నిన్ను ఎండ తగలకుండ, వాన తాకకుండ, పసిబిడ్డవలె సాకితినే! నేడు నీవైన కదలవలె, నేనైన ఈ పచ్చికలో రాలవలె!”

“ఎవరితో అండీ మాట్లాడుతున్నారు?” అని లోపలి నుండి ప్రశ్న వచ్చెను.

“ఎవరితోనూ లేదులే.”

అంతట యుద్ధమారంభమయ్యెను. స్పార్క్ ప్లగ్గును ఊడబెరికి, గీకి, ఊది, బిగించెను. గాలి వడపోత నేలకు కొట్టబడి ఒక పిడికెడు మన్ను సమర్పించుకొనెను. క్రింద చిక్కిన గడ్డి పెరుకబడెను. చివరకు ‘పెట్రోలున్నదా?’ యను సందేహము కలిగి టాంకును సమీపించెను. దాని మూతకు దుమ్ము సోకకుండ రెండు పాలిథీన్ సంచులు, వానిపై మూడు రబ్బరుబ్యాండ్లు. వానిని నగలవలె విప్పి మూత తీయగా, లోపలి నుండి ‘ఉస్సు’మని ఒక నిట్టూర్పు వినవచ్చెను. “పాపం, అలసిపోయింది” అని వీరుడు జాలిపడెను. పెట్రోలు నిండుగానే యుండెను. మూత బిగించి, సంచులు తొడిగి, బ్యాండ్లు వేసి తాళము త్రిప్పగా, ఔరా, రథము గర్జించెను! గడ్డి ఎగిరెను, మిడతలు పారెను, వీరుని కన్నులు చెమర్చెను. రథము నిమ్మచెట్టు వద్దకు పోయి ఆగిపోయెను.

మరల మూత, మరల ఉస్సు, మరల ఉత్సాహము, మరల నిమ్మచెట్టు. ఎన్నిమారులని చెప్పుదును? నాకే విసుగు పుట్టెను.

ఇంతలో వీధి మలుపున ట్రాలీ గడగడలు. వీరుడు గడ్డిలో చతికిలబడి, గ్రీజు చేతులు చూచుకొనుచు, నిజముగనే ఏడ్పు ఆపుకొనెను. మంచినీళ్ళ గ్లాసుతో వచ్చిన భార్యకు ఆ మొగము చూడగానే కోపము కరగిపోయెను.

“నాకు మిషన్లు తెలీవు గానీ, కిటికీలోంచి చూస్తూనే ఉన్నా. మీరు మూత తీసి పెట్టినప్పుడల్లా బుద్ధిగా నడుస్తోంది, కాసేపటికి మొరాయిస్తోంది. ఆ సంచి కట్టకుండా ఓసారి తోలి చూడకూడదూ?”

“దుమ్ము పడదూ?”

“పడితే తుడుచుకుందాం. దానిక్కూడా ఊపిరాడొద్దూ!”

వీరుడు మూతను వెలుతురునకెత్తి చూచెను. దాని నడుమ సూదిమొనంత రంధ్రము! పెట్రోలు దిగిన కొలది ఆ దారినే లోనికి గాలి పోవలె; పోనిచో పెట్రోలు దిగుట మాని బిగదీసుకొనును. శత్రువు గాలి వడపోత కాదు, ప్లగ్గు కాదు. ఇన్నాళ్ళు ముద్దుగా ముక్కు మూసి చంపుచున్నవాడు తానే! అతనికి సిగ్గు ముంచుకువచ్చెను. మూత మాత్రము బిగించి, సంచులను జేబులో కుక్కి, రథమెక్కెను.

నిమ్మచెట్టు వచ్చెను. నిమ్మచెట్టు పోయెను! కంచె వచ్చెను, రథము తిరిగెను! మోకు భుజాన వేసుకొని గేటులో నిలిచిన తోడల్లుని పాదాలపై గడ్డి వర్షము కురిసెను.

“ఏంటన్నయ్యా, బాగైపోయిందా? వదిన పట్టుకుపొమ్మంటేనూ...”

“చిన్న ఊపిరి ఇబ్బంది, తమ్ముడూ. నేనే చూసుకున్నా” అని వీరుడు గంభీరముగా పలికెను. భార్య చేయి చాచెను. వీరుడు జేబులోని సంచులను ఆమెకు అప్పగించెను.

ఆమె అంతటితో ఊరుకొనెనా! ఇరువురును వెంటరాగా లోనికి పోయి, కత్తెరతో సోఫా కవరును నడుమకు చీల్చెను. “అయ్యో” అనబోయిన వీరుడు, ఆమె మొగము చూచి కవరు కొస పట్టి తానును లాగెను. ఇన్నేండ్లు బూడిదరంగనుకొన్నది లేత నీలి రంగని అప్పుడు తెలిసెను. ఆమె మెల్లగా కూర్చుండి, గుడ్డను అరచేత నిమురుచు, “ఎంత మెత్తగా ఉందండీ!” అనెను. అతడు ప్రక్కన కూర్చుండెను. తోడల్లుడు కూర్చుండెను, లేచెను. జర్రుమనలేదు.

కావున వినుడు, లోకులారా! రెండు సంచులను, మూడు రబ్బరుబ్యాండ్లను ఏకాకియై, భార్య చెప్పిన పిదప, జయించిన ఆ మహావీరునకు జయమగుగాక! రిమోటు సంగతి మాత్రము ఇప్పుడు అడుగవలదు. సంప్రదింపులు జరుగుచున్నవి.