కౌన్సిలరమ్మకు జ్వరం

మహిళా దినోత్సవం నాడు పొద్దున్నే ఇంద్రకరణ్ అద్దం ముందు నిలబడి ఉపన్యాసం వల్లె వేసుకుంటున్నాడు. "ఆడదాని గొంతు వినని సమాజం నీతి లేని సమాజం!" అన్నచోట చెయ్యి ఎంత ఎత్తు లేపాలో తేలడం లేదు. అంతలో వంటింట్లోంచి భార్య సువర్ణ ఏదో అడిగింది.

"జర సేపు లొల్లి బంద్ జెయ్!" అని కసిరాడు.

మెదక్ పట్టణంలో వాళ్ళ వార్డు మహిళలకు రిజర్వయింది. అందుకని ఓట్లకు నిలబడి గెలిచింది సువర్ణ. కౌన్సిలర్ అయింది మాత్రం ఇంద్రకరణ్. మున్సిపల్ ఆఫీసులో కుర్చీ ఆయనదే, పెత్తనం ఆయనదే, 'కౌన్సిలర్ సాబ్' అన్న పిలుపూ ఆయనదే. కుల్చారంలో పొలాలున్న ఇంట పుట్టినవాడు కాబట్టి, నలుగురి మీద అధికారం తనకు పుట్టుకతోనే వచ్చిందని నమ్మకం. ప్రమాణ స్వీకారం ఒక్కటీ ఆమె చేత చేయించవలసి వచ్చినందుకు చట్టం మీద ఇంకా కోపంగానే ఉన్నాడు.

"సభకు నన్ను గూడ పిలిచిండ్రట గదా," అంది సువర్ణ గుమ్మం దగ్గర నిలబడి.

"నువ్వొస్తే మటన్ ఎవరు వండుతరు? మీటింగ్ కాంగనే మనోళ్ళంత ఇంటికే వస్తుండ్రు. సమానత్వం గురించి నేను మాట్లాడ్త గని, నువ్వు ఉప్పు జూసుకో."

ఫంక్షన్ హాలు నిండా ఆడవాళ్ళు. వేదిక నిండా మగవాళ్ళు. వాళ్ళ మధ్య ఒక్కతే ఆడమనిషి, కొత్తగా వచ్చిన కమిషనర్ మమత. ఇంద్రకరణ్ కూర్చోగానే ఆవిడ అడిగింది.

"కౌన్సిలర్ మేడమ్ రాలేదా సార్?"

"జ్వరమమ్మా. లేస్తలేదు."

అబద్ధం చెప్పానన్న బాధ ఆయనకు లేశమైనా కలగలేదు. భార్య తరఫున పదవి అనుభవిస్తున్నవాడికి, భార్య తరఫున జ్వరం ఒక లెక్కా!

"ఆ వార్డులో డెంగీ ఉందంటున్నారు. అదేనా?"

ఆవిడ కళ్ళలో జాలి కనబడింది. జాలిని వదులుకోవడం ఆయనకు చేతకాదు. "గదే అంటున్నరు డాక్టర్లు," అని తల వంచుకున్నాడు.

మమత వెంటనే ఫోను తీసి, దోమల పొగ యంత్రాన్ని కౌన్సిలర్ ఇంటికి పంపమంది. ఈ లోగా ఎవరో మైకు అందుకుని కౌన్సిలరమ్మ డెంగీతో పోరాడుతున్నదని ప్రకటించారు. ఆ ముక్క వెనక వరసలు చేరేసరికి ఆమెను హైదరాబాదు తీసుకుపోయారు, ఐసీయూలో పెట్టారు. మహిళా సంఘం నడిపే ఐలవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడవసాగింది.

అదే పార్టీలో తిరిగే పరమేశ్ వేదికెక్కి ఇంద్రకరణ్ రెండు చేతులూ పట్టుకున్నాడు. "అన్నా, పరేషాన్ గాకు. దేవుడున్నడు." చేతులు వదలకుండానే గొంతు తగ్గించాడు. "వదినెకు ఏమన్న అయితె మల్ల ఎలక్షన్ అస్తది. లేడీస్ సీటు గదా, నువ్వు నిలవడనీకి రాదు. మా ఇంటామెను నిలవెడ్త. నువ్వే దగ్గరుండి గెలిపియ్యాలె."

ఇంద్రకరణ్‌కు భయం పట్టుకుంది. భార్య పోతుందన్నందుకు కాదు, కుర్చీ పోతుందన్నందుకు. వేదిక వెనక్కి ఉరికి ఫోను చేశాడు.

"సువర్ణా, ఉన్నదానివి ఉన్నట్టె ఉరికి రా! నువ్వు మంచిగున్నవని జనానికి చూపియ్యాలె."

"పొయ్యి మీద మటన్ ఉన్నది."

"పొయ్యి బంద్ జేసి రా!"

"ఇంట్ల ఎట్లాగు ఉండేటట్టు లేదు," అంది ఆమె దగ్గుతూ. "ఎవరో వచ్చి ఇల్లంత పొగ వెట్టిండ్రు."

సువర్ణ ఆటో దిగి లోపలికి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, జుట్టు రేగింది, దగ్గు ఆగడం లేదు. చావుబతుకుల్లోంచి లేచి జనం కోసం వచ్చిందని హాలు హాలంతా లేచి నిలబడింది. మమత ఆమెను నడిపించుకుపోయి ఇంద్రకరణ్ కుర్చీలో కూర్చోబెట్టింది. ఐలవ్వ మైకు తెచ్చి చేతికిచ్చింది.

"మాట్లాడు బిడ్డా."

సువర్ణ బెదురుగా చూసింది. "నాకు జ్వరం లేదు. పొద్దటి సంది మటన్ వండుతున్న."

హాలు గొల్లుమంది. ఆ నవ్వు తన మీద కాదని అర్థమవడానికి ఆమెకు కొంతసేపు పట్టింది.

"మన గల్లీల నల్లా నీళ్ళు వస్తలెవ్వని చెప్తే, వస్తున్నయి గద అంటడు మా ఆయన. ఆయనకు డ్రమ్ము ఎప్పుడు నిండుగనే కనవడ్తది. నింపేది నేను. గందుకే రేపటి సంది ఆఫీసుకు నేనే వస్త. తెల్వనియి మేడమ్‌ను అడిగి నేర్చుకుంట."

"ఏం మాట్లాడుతున్నవే?" అని ఇంద్రకరణ్ ముందుకు వచ్చాడు.

"మీరు కూర్చోండి సార్," అంది మమత. కూర్చోవడానికి కుర్చీ లేదు. చప్పట్లు ఆగేదాకా ఆయన నిలబడే ఉన్నాడు.

మర్నాటి నుంచి సువర్ణ ఆఫీసుకు వెళ్ళసాగింది. వారం పాటు ఇంద్రకరణ్ వీధి మొహం చూడలేదు. నెల తిరిగేలోగా పట్టణ పెద్దలు కొందరు ఆయనకు సన్మాన సభ పెట్టారు. సువర్ణకు తీరిక లేదు. నల్లా పైపుల పని దగ్గర నిలబడి ఉంది. "అన్న ఇజాజత్ ఇయ్యకుంటె వదినె ఆఫీసుకు పోతుండెనా? ఆడవాళ్ళకు స్వేచ్ఛ ఇచ్చిన మహానుభావుడు మా అన్న!" అని పరమేశ్ మైకు పగిలేలా అరిచాడు.

శాలువా భుజం మీద సర్దుకుంటూ ఇంద్రకరణ్ ఆ మాటను ఖండించలేదు.