రైన్ లోయలో భీమలింగంగారు

"రాష్ట్రం మొత్తాన్నీ ద్రాక్షారామం చేసి తీరతాను!" అని ఉద్యానశాఖ మంత్రి భీమలింగంగారు ప్రకటించారు. జర్మనీలో రైన్ నది లోయకు వెళ్లి, అక్కడివాళ్లు కొండవాలుల్లో ద్రాక్ష పండించి వైన్ ఎలా తీస్తారో స్వయంగా అధ్యయనం చేస్తానన్నారు. రైతుల కోసం ఎంత కష్టానికైనా వెనుదీయని మనిషి కనుక, దారిలో రెండు రోజులు దుబాయ్‌లో ఆగారు.

ఆగినవాణ్ని దుబాయ్ బజార్లు కదలనిస్తాయా? వీసీఆర్లు ఒక వీధిలో, సెంట్లు ఇంకో వీధిలో, బంగారం మరో వీధిలో. అన్నింటినీ క్షుణ్ణంగా అధ్యయనం చేసేసరికి పర్యటన గడువు కాస్తా అయిపోవచ్చింది.

"మనం నది దగ్గరికి వెళ్లలేకపోతే నదినే మన దగ్గరికి తెచ్చుకోవాలయ్యా," అన్నారు మంత్రిగారు. పి.ఎ. ఆదిశేషు వాకబు చేశాడు. దుబాయ్‌కి దగ్గర్లోని రాస్ అల్ ఖైమా కొండల మధ్య ఒక వాదీ, అంటే కొండవాగు, ఉందట. మామూలుగా ఎండిపోయి ఉంటుందిగానీ మొన్నటి వానకు నీళ్లు పారుతున్నాయట.

వాళ్ల బండి నడిపినవాడు పోచన్న. మెట్‌పల్లి దగ్గరి పల్లెవాడు, రాస్ అల్ ఖైమా కంకర క్వారీలో డ్రైవర్. ఇల్లు విడిచి ఆరేళ్లయింది. తల్లి అంజవ్వకు చూపు పోతోందని కబురొచ్చినా, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ సెలవివ్వలేదు. పాస్‌పోర్టు ఆ కఫీల్ బీరువాలోనే ఉంది. మంత్రిగారికి బండి తోలేవాడు కావాలని ముదీర్, అంటే క్వారీ మేనేజరు, అడగ్గానే, శుక్రవారం సెలవు వదులుకుని మరీ పోచన్న ముందుకొచ్చాడు.

"సారూ, ఒక్క మాట," అన్నాడు దారిలో. "మా కఫీల్ తోని జెర మాట్లాడుండ్రి. రెండు నెల్ల సెలవిస్తే అవ్వను సూశి మల్లొస్త. నౌకరి మాత్రం పోవద్దు."

"నీ పని అయిపోయిందనుకో! ముందు మా పర్యటన పూర్తి కానీ."

పోచన్న కళ్లు చెమర్చాయి. ఇంకోసారి దండం పెడదామని అద్దంలోకి చూస్తే మంత్రిగారు గురక పెడుతున్నారు.

వాదీలో నీళ్లు చీలమండలదాకా ఉన్నాయి. ద్రాక్షతీగ ఒక్కటీ లేదు. ఆదిశేషు దుబాయ్ నుంచి తెచ్చిన ద్రాక్షగుత్తుల్ని ఒక రేగుచెట్టుకు దారంతో కట్టాడు. మంత్రిగారు రైన్ కోసం కుట్టించుకున్న ఉన్ని ఓవర్‌కోటు తొడిగి, మఫ్లరు చుట్టి, మండుటెండలో ఫొటోకు నిలబడ్డారు.

"చలి కనిపించాలయ్యా!"

"చెమట కనిపిస్తోందండి."

"మంచు అని రాయించు. అది సరే, వైన్ లేని వైన్ లోయ ఏమిటి?"

సంచిలోంచి సీసా బయటికొచ్చింది. మొదటి గ్లాసు ఫొటో కోసం తాగారు. ఫొటో సరిగ్గా పడిందో లేదోనని రెండోది తాగారు. మూడోది మాత్రం కేవలం రైతుల కోసమే తాగారు.

అప్పుడొచ్చింది పోలీసు జీపు. ఆరుబయట తాగడం ఆ దేశంలో నేరం. దిగిన పోలీసు సీసా చూపించి, "యే బోతల్ కిస్‌కా హై?" అన్నాడు.

మంత్రిగారు మఫ్లరుతో మూతి తుడుచుకుని కొండల అందం చూడసాగారు. ఆదిశేషు పోచన్న చెవిలో గొణిగాడు. "నీదని చెప్పవయ్యా బాబూ! సాయంత్రానికల్లా ఆయన విడిపించేస్తారు. రాష్ట్రం పరువయ్యా!"

"నేను కల్లు గూడ ముట్ట సారూ."

"మరీ మంచిది. ఇదివరకటి మచ్చ లేదన్నమాట!"

పోచన్న మంత్రిగారి వైపు చూశాడు. ఆయన కాదంటే సెలవు లేదు, సెలవు లేకపోతే అవ్వకు చూపుండగా తన ముఖం కనిపించదు.

"మేరా హై, సాబ్."

"యల్లా, చలో," అని పోలీసు జీపు తలుపు తీశాడు. మంత్రిగారి బండిని ఆదిశేషు నడిపాడు. సాయంత్రానికి మంత్రిగారు ఇండియా విమానంలో ఉన్నారు.

జైలుశిక్ష ముగిశాక పోచన్న తన పాస్‌పోర్టును మళ్లీ కళ్లజూశాడు. ఇక ఈ దేశంలో అడుగుపెట్టరాదని దాని మీద ముద్ర పడి ఉంది. "ఖలాస్," అన్నాడు ఆఫీసరు.

ఇల్లు చేరేసరికి అంజవ్వ కొడుకును చేత్తో తడిమి పోల్చుకుంది. ఆ వారంలోనే భీమలింగంగారు మెట్‌పల్లి వచ్చారు, ద్రాక్షసారా ఫ్యాక్టరీకి పునాదిరాయి వేయడానికి. పోచన్ననూ అంజవ్వనూ తీసుకురమ్మని జీపు పంపారు. ఎంత పెద్దమనసు!

"ఈ తమ్ముడు దుబాయ్‌లో తాగుడుకు బానిసై జైలుపాలయ్యాడు," అన్నారు వేదిక మీద, అతని భుజం మీద చెయ్యేసి. "రైన్ లోయలో తలమునకలయ్యే అధ్యయనంలో ఉండి కూడా, నేను ఒక్క ఫోను కొట్టి ఇతన్ని కన్నతల్లి ఒడికి చేర్చాను!"

చప్పట్లు మోగాయి. పోచన్న మెడలో దండ పడింది, నోటి ముందుకు మైకు వచ్చింది.

"చెప్పు తమ్ముడూ, ఇక తాగనని చెప్పు!"

వేదిక కింద వరసగా పోలీసులు. పోచన్న వాళ్లవైపు ఒకసారి చూశాడు.

"తాగ," అన్నాడు.

సభ అయ్యాక అవ్వ చెయ్యి పట్టుకుని ఇంటిదారి పట్టాడు.

"కల్లుముంత గూడ ముట్టనోనివి," అంది దారిలో అంజవ్వ. "ఎప్పుడు తాగినవ్ బిడ్డా?"

"మంత్రి తాగినప్పుడే అవ్వా."