సరోజన గొంతు విలీనమైన విధము

అమెరికాలో సినిమా కంపెనీలు ఒకదాన్నొకటి కొనుక్కుంటుంటే జగిత్యాల చేతులు ముడుచుకొని కూర్చోజాలదని శ్రీ అనంత్ రావు గారు ప్రకటించారు. ఫంక్షన్ హాల్లో చప్పట్లు మోగాయి. జగిత్యాల భక్తి ఛానల్, కోరుట్ల కామెడీ ఛానల్, సిరిసిల్ల జానపదాల ఛానల్, ఈ మూడు యూట్యూబ్ ఛానళ్లు ఆ క్షణం నుంచి ‘ఏఆర్ గ్లోబల్ ఎంటర్‌టైన్‌మెంట్’ అనే మహాసంస్థలో విలీనమైపోయాయి. పూజారి అయ్యగారు ముహూర్తం చూసి తాంబూలాలు మార్పించారు. కోరుట్ల కామెడీది ఏ గోత్రమని ఎవరూ అడగలేదు, అదొక్కటే లోటు.

అనంత్ రావు గారి తాతలు దొరలు, కోటలాంటి గడీలో కూర్చొని నలభై ఊళ్లు ఏలారు. ఆయన నాలుగు పార్టీలు మారి, ఒక నామినేటెడ్ పోస్టు కోసం మూడేళ్లుగా ఓపిక పడుతున్నారు. “నీ ఎనుక ఎంతమంది ఉన్నరే?” అని మంత్రిగారు ఒకసారి అడిగారట. మనుషులను వెంట తిప్పుకోవాలంటే బిర్యానీలు, జీపులు, మాటలు పడటాలు ఉంటాయి. సబ్‌స్క్రైబర్లకు అవేవీ అక్కర్లేదు. మూడు ఛానళ్లు కలిపితే ఆరు లక్షల మంది అయ్యారు. ఇంతటి దూరదృష్టి గల నాయకుడు మన జిల్లాలో పుట్టడం మన అదృష్టం.

వేదిక మీద చివరి కుర్చీలో శాలువాతో కూర్చున్నవాడు యాదగిరి. సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పదహారేళ్లు పనిచేసినవాడు. భార్య సరోజన పాడుతుంటే ఫోన్ పట్టుకొని తీసి, ‘సాంచా పాటలు’ అనే ఆ జానపదాల ఛానల్ నిలబెట్టాడు. ఆ పూట నుంచి అతడు వైస్ ప్రెసిడెంట్, ఫోక్. అలా అచ్చువేసి ఇచ్చిన కార్డును జేబులోంచి తీసి చూసుకొని, మళ్లీ జేబులో పెట్టుకొని, మళ్లీ తీశాడు.

ముహూర్తం దాటిపోతుందని విలీనం ముందు చేసి, విలీనమైందేమిటో తర్వాత చూసుకోవడం ఈ సంస్థ పద్ధతి. ఆ చూసే పనికి అనంత్ రావు గారి కుమారుడు రోహిత్ సోమవారం నాడు ల్యాప్‌టాప్‌తో యాదగిరి ఇంటికి వచ్చాడు.

“మేడమ్, స్టూడియో ఎక్కడుంది?”

“గిదే బాబు,” అంది సరోజన, కిటికీకి బొంత కట్టిన గది చూపించి. “సుట్టు సాంచలు నడుస్తుంటే పాట ఇనవడది. కరెంటు వోయినప్పుడే పాడుత.”

‘విద్యుత్ ఖర్చు సున్నా’ అని రోహిత్ మెచ్చుకుంటూ రాసుకున్నాడు. “లిరిక్స్ ఎవరివి?”

“మా అవ్వయి,” అంది సరోజన, పక్క గదిలో ఉన్న తల్లి వైపు చూపించి.

“రైట్స్ ఆమెవేనా?”

“ఆమెకు వాళ్లత్త నేర్పింది. ఆమె నాట్లేసేకాడ నేర్సుకున్నది. నాట్లల్ల అందరు పాడుతరు. ఎవ్వలి పాటని ఎవ్వలికి దెలుస్తది?”

‘యజమాని లేరు, స్వాధీనం చేసుకోవచ్చు’ అని రాశాడు రోహిత్.

అగ్రిమెంటు ముప్పై ఆరు పేజీల ఇంగ్లీషులో వచ్చింది. సరోజన పాడిన, పాడుతున్న, పాడబోయే ప్రతి రాగమూ విశ్వమంతటా శాశ్వతంగా సంస్థదేనని అందులో ఉంది.

“విశ్వమంటె కరీంనగర్ గూడనా?” అడిగాడు యాదగిరి.

“మార్స్ కూడా, అంకుల్.”

యాదగిరి గుండె ఉప్పొంగింది. వాళ్ల వంశంలో ఎవరి సంతకమూ అంత దూరం పోలేదు. వెంటనే పెట్టేశాడు. సరోజనకు మాత్రం పదవి ఏమీ రాలేదు. ఆమె ఆస్తుల జాబితాలో ఉంది, ట్రైపాడ్‌కూ మైకుకూ మధ్యన.

“నా గొంతుకు నువ్వు దస్కతు వెట్టినవా?” అంది ఆమె ఆ సాయంత్రం.

“కంపెనీకి పెట్టిన.”

“గొంతు ఎవ్వలిది?”

“వైస్ ప్రెసిడెంట్ ముంగట గట్ల మాట్లాడద్దు,” అన్నాడు యాదగిరి.

ఆ ఏడాది బతుకమ్మకు సరోజన వాడకట్టు ఆడవాళ్లతో రెండు పాటలు పాడింది. ఎవరో ఫోన్లో తీసి పెట్టారు. గంటలో అది మాయమైంది, మర్నాడు సరోజనకు అనధికార వినియోగం కింద నోటీసు వచ్చింది. దాని మీద సంతకం వైస్ ప్రెసిడెంట్, ఫోక్ గారిదే. అతడే ఇంట్లో భార్యకు చదివి వినిపించాడు. పోస్టు ఖర్చు కలిసొచ్చింది.

ఆనాటి నుంచి సరోజన నూలు కండెలు చుట్టేటప్పుడు కూడా నోరు విప్పలేదు. పాట లేని ఆ ఇంట్లో యాదగిరికి అన్నం సయించేది కాదు. చేసింది తప్పని అతనికి తెలుసు. తెలిసినా కార్డు తీసి చూసుకొని ఓర్చుకున్నాడు.

ఇట్లా ఉండగా, బోయినపల్లి దగ్గరి గడీలో అనంత్ రావు గారి తల్లి, పెద్ద దొరసాని, తొంభై రెండో ఏట కన్నుమూశారు. సాయంత్రం నాలుగింటికి మంత్రిగారు వస్తున్నారని తెలియగానే అనంత్ రావు గారు దుఃఖాన్ని దిగమింగి, మూడు ఛానళ్లలోనూ ఒకేసారి లైవ్ పెట్టమని ఆదేశించారు. విలీనం అంటే ఏమిటో లోకానికి తెలియాల్సిన రోజు రానే వచ్చింది. భక్తి ఛానల్ భజన సమకూర్చాలి. కామెడీ ఛానల్ తెల్లచొక్కా వేసిన యాంకర్‌ను పంపాలి. జానపదాల ఛానల్ ఏడుపు అందించాలి.

మా దిక్కు ఆడవాళ్లు శవం దగ్గర ఊరికే ఏడవరు. రాగం తీసి, పోయినవారు చేసిన మంచి ఒక్కొక్కటే అందులో పెట్టి ఏడుస్తారు. అదీ రాగమే కనుక అదీ సంస్థదే. రోహిత్ ఫోన్ చేసి ఆ పేజీ నంబరు కూడా చెప్పాడు. కారు పంపారు. అందులో సరోజన తల్లి లసుమవ్వ కూడా ఎక్కింది, ఆమెది ఆ ఊరే కాబట్టి.

మంత్రిగారు వచ్చారు. దొరసాని తనకు కన్నతల్లితో సమానమని కెమెరాకు చెప్పి ముందు కుర్చీలో కూర్చున్నారు. రోహిత్ సైగ చేశాడు. సరోజన శవం తలాపున కూర్చొని, కొంగు సర్దుకొని, అనంత్ రావు గారి వైపు తిరిగింది.

“దొరా, ఏం జెప్పి ఏడ్వాలె?”

“ఏందమ్మా?”

“అమ్మ ఎవ్వలికి ఏం జేసిందో ఒక్కటి జెప్పుండ్రి. దాని ఎంబడి నేను పోత.”

“గొప్ప మనిషి అని పెట్టు.”

“అందరికి గదే పెడ్తం దొరా. ఒక ముచ్చట గావాలె. ఎవ్వలికన్న ఇంత బువ్వ వెట్టిందా, పానం బాగలేనోళ్లను అర్సుకున్నదా?”

అనంత్ రావు గారు రోహిత్‌ను చూశారు. రోహిత్ ఫోన్‌ను చూశాడు. ముప్పై ఏళ్లు ఆ ఇంట్లో వంట చేసిన రాజవ్వ మాత్రం గుర్తు చేసుకోగలిగింది. “కూరల ఉప్పు ఎక్కువైతె కంచం ఇసిరేస్తుండె,” అంది.

“అది వద్దు,” అన్నాడు రోహిత్.

సరోజన వినయంగా మంత్రిగారి వైపు తిరిగింది. “సారూ, కన్నతల్లి అసుంటిదంటిరి. మీరొకటి జెప్పుండ్రి.”

మంత్రిగారిది ముప్పై ఏళ్ల ప్రజాజీవితం. ఆయన తొణకలేదు. లేచి నిలబడి, “రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం,” అన్నారు.

అందరూ లేచారు. రెండు నిమిషాలు అయిపోయాయి. ఎవరూ కూర్చోలేదు. ముందు నోరు తెరిచినవాళ్లే చెప్పాల్సి వస్తుందని అందరికీ ఒకేసారి అర్థమైంది. నాలుగు నిమిషాలైంది, ఏడైంది. భక్తి, కామెడీ, జానపదం ఏకమై ఆరు లక్షల మందికి ఆ మౌనాన్ని ప్రత్యక్షంగా అందించాయి. పదకొండో నిమిషంలో వెనక నుంచి లసుమవ్వ అంది. “ఇగ పీనుగను ఎత్తుండ్రి బిడ్డా, పొద్దు వోతాంది.”

మర్నాడు పేపర్లన్నీ గడీ కన్నీటి సంద్రమైందని రాశాయి. ఆరు లక్షల మందిని అంత క్రమశిక్షణతో నిలబెట్టినవాడు మామూలు నాయకుడు కాదని మంత్రిగారు మెచ్చుకున్నారు. వారం తిరక్కుండా అనంత్ రావు గారు జానపద కళల పరిరక్షణ మండలికి చైర్మన్ అయ్యారు. పోస్టు వచ్చాక ఛానళ్లతో పనేముంది? రోహిత్ నుంచి యాదగిరికి ఒక కాగితం వచ్చింది.

“ఏముందందుల?” అడిగింది సరోజన.

“నా నౌకరి వోయింది. నీ గొంతు అవుసరానికి పని చేయలేదట. మల్ల నీకే ఇచ్చేసిండ్రు.”

“దస్కతు వెట్టిండ్రా?”

“పెట్టిండ్రు. ముద్దర గూడ ఉన్నది.”

సరోజన ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. ముద్ర మీద వేలు పెట్టి చూసి, జాగ్రత్తగా మడిచి రేకు పెట్టెలో పెట్టింది.

“అయితె ఇను. గాడ శవం కాడనే నాలుగు మాటలు కుదిరినయి. మా అవ్వ సిన్నప్పటిసంది జెప్పే ముచ్చటే.”

యాదగిరి నోరు తెరిచాడు. “మరి గప్పుడెందుకు పాడలే?”

“గప్పుడు పాడితె అవి గూడ వాళ్లయే అయిపోతుండె.”

ఆమె చెవి మీద చెయ్యి పెట్టుకొని ఎత్తుకుంది.

“కుంచం అడుగున బట్ట వెట్టి కూలి వడ్లు గొలిచినవే దొరసాని...”

పక్క గదిలోంచి లసుమవ్వ రెండో చరణం అందుకుంది.