గండికోటకు పోలిక పత్రం

కొత్తది కనిపెట్టడం మన దగ్గర నేరం కాదు. కనిపెట్టినదానికి పాత నమూనా చూపించలేకపోవడం మాత్రం కార్యాలయ దోషం. ఈ సంగతి మైదుకూరు సమీరాకు ఇరవై ఏడో ఏట, కడపలో ఒక ఆఫీసు రెండో అంతస్తులో తెలిసింది.

ఆమె మూడేళ్లు కష్టపడి ఒక వీడియో గేమ్ తయారుచేసింది. కథానాయకుడి వీపు వెనకనుంచి చూస్తూ, అతని చేత తుపాకీ పేల్పించే రకం. (మనిషి ముఖం చూడకుండా పని జరిపించే ఈ పద్ధతి ఆఫీసులకు కొత్తేమీ కాదు.) అయితే సమీరా ఆటలో తూటాలు ఆరే ఆరు. మిగతాదంతా గండికోట. ఎండకు కాలే బండలు, అంచుకు పోతే కళ్లు తిరిగే పెన్నా లోయ, నీడ వెతుక్కుంటే తప్ప బతకని కథానాయకుడు. దారి తప్పితే తెల్లగడ్డం ముసలాయన ఒకడు కనిపించి, "ఎండ దిగేదాకా ఈడ కూచో అప్పా," అంటాడు. ఆ ముసలాయన సమీరా తాత వలి సాహెబ్. నలభై ఏళ్లుగా కోట చూడవచ్చిన వాళ్లకు దారి చూపిస్తున్న మనిషి. మనవరాలు ఆయన గొంతునే రికార్డు చేసి పెట్టింది.

ఆట బయటికి రావాలంటే డిజిటల్ క్రీడల ఆమోద మండలి ముద్ర పడాలి. అక్కడి సారూప్యతాధికారి వసంతకుమార్ ఆటంతా ఓపిగ్గా చూశాడు. మంచి మనిషి. లోయ వచ్చినప్పుడు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు కూడా.

"ఏమ్మా, ఇట్లాంటిది ఇంకెవరన్నా చేసినారా?"

"లేదు సార్. ఇదే మొదటిది," అంది సమీరా, ఆ ప్రశ్న కోసమే మూడేళ్లు కాచుకున్నట్టు.

ఆయన ముఖం వాడిపోయింది. "అదే కదమ్మా తంటా. పక్కన పెట్టి చూసేదానికి ఇంకోటి లేకుంటే, ఇది బాగుండాదని నేను ఏం ధైర్యంతో రాయాల?"

నిబంధన ప్రకారం, ఇదివరకే నెగ్గిన ఆటలతో కనీసం డెబ్బై శాతం పోలిక ఉండాలి. సమీరా ఆటకు పదకొండు వచ్చింది. (ఆ పదకొండూ తుపాకీకి.)

సవరణలు మొదలయ్యాయి. కథానాయకుడు దాక్కోవడానికి పది అడుగులకొకటి చొప్పున నడుమెత్తు గోడలు లేచాయి. గోడ పక్కన కాల్చగానే పేలే ఎర్ర పీపాలు వెలిశాయి. భార్య చనిపోనిదే కథానాయకుడు తుపాకీ పట్టరాదన్నారు కాబట్టి మొదటి ఐదు నిమిషాల్లోనే ఆమెను పోగొట్టారు. (పెళ్లికాని కథానాయకులకు కుక్క పోయినా చాలు.) ఆటగాడు పడిపోతే ఫిర్యాదు చేస్తాడని పెన్నా లోయను పూడ్చారు. నెగ్గిన ఆటల్లో ఎక్కువ భాగం మంచులో జరిగాయి గనుక, గండికోట మీద మంచు కురిసింది.

సమీరా అన్నిటికీ తలూపింది, ఒక్కదానికి తప్ప.

"ఆ పెద్దాయన చేతిలో తుపాకీ లేదేమ్మా?"

"ఆయన ఎవుర్నీ కాల్చడు సార్. దారి చెప్తాడు, అంతే."

"తుపాకీ లేనోళ్లకు ఆటలో చోటు లేదమ్మా. నేను పెట్టిన రూలు కాదు."

ఆమె వారం రోజులు సంతకం చేయలేదు. ఎనిమిదో రోజు, మూడేళ్ల పని బీరువాలో చెదలు పట్టిపోతుందన్న భయంతో చేసింది. వలి సాహెబ్ తుపాకీ పట్టిన బట్టతల శత్రు సేనాధిపతి అయ్యాడు.

ఆట విడుదలైంది. ఆడినవాళ్లందరూ రెండు గంటల్లోనే ఆపేసి దాదాపు ఒకే మాట రాశారు: "ఇది ఇదివరకే ఎక్కడో ఆడినట్టుంది." మండలి దాన్ని అత్యున్నత ప్రశంసగా నమోదు చేసుకుంది.

సమీరా ల్యాప్‌టాప్ తీసుకుని కోటకు పోయి తాతకు చూపించింది. ఆయన చాలాసేపు వెతికాడు.

"నేను యాడుండా ఇందులో?"

"ఆ మంచులో, గోడెనక... ఆ బట్టతలాయన."

"గొంతన్నా నాదేనా?"

"కాదు దాదా."

అంతలో కథానాయకుడు సేనాధిపతిని కాల్చేశాడు. వలి సాహెబ్ తెర మెల్లగా మూసి, "శానా బాగుండాది తల్లీ," అన్నాడు. ఆయన అబద్ధమాడడం ఆమె వినడం అదే మొదలు.

నెల తిరక్కుండా ఆట చూసినవాళ్లు కోటకు రాసాగారు. మంచు యాడ, పీపాలు యాడ అని అడిగారు. వలి సాహెబ్ లోయ చూపించాడు. ఇది ఆటలో లేదు, మాకొద్దన్నారు. కోట ఆటలాగా లేదనీ, గైడు తప్పుదారి పట్టిస్తున్నాడనీ మండలికి నాలుగు వందల ఫిర్యాదులు అందాయి.

వసంతకుమార్ స్వయంగా వచ్చాడు, వెంట ఇద్దరు కూలీలతో, గుడ్డ కప్పిన బోర్డుతో.

వలి సాహెబ్ భయంభయంగా అడిగాడు. "కోటను మార్చేస్తారా సార్?"

"అయ్యో, అంత బడ్జెట్ యాడుండాది పెద్దాయనా? మీకేం ఇబ్బంది రాకుండా ఒక మాట రాసి పెడతాండాం, అంతే."

కూలీలు బోర్డును ప్రధాన ద్వారం ముందు పాతి, గుడ్డ లాగేశారు. వలి సాహెబ్‌కు తెలుగు చదవడం రాదు.

"ఏం రాసినారు తల్లీ?"

సమీరా మనసులో రెండుసార్లు చదువుకుని, మూడోసారి పైకి చదివింది:

"ఈ కోట కేవలం కల్పితం. ఆటలోని ప్రదేశాలతో ఏవైనా పోలికలు కనిపిస్తే, అవి యాదృచ్ఛికం మాత్రమే."