చెయినుకు ముగ్గురి సేవ

ధర్మపురి దగ్గరి పాపారపట్టి ఊళ్లో ముఖేశ్ ఆ రోజు తెల్లారకముందే లేచాడు. అలిగి పుట్టింటికి పోయిన భార్య నందిత జోలార్‌పేట నుంచి రైల్లో వస్తోంది. "మొరప్పూర్ స్టేషన్లో దిగుతాను. వేళకు వస్తిరా, మీతో వస్తాను. లేదా, ఎదురు రైలెక్కి మా ఊరికే పోతాను" అని ఫోన్లో తేల్చి చెప్పేసింది.

అలక అంతా కొత్త మోటారు సైకిలు మీద. టమాటా బాగా పలికిన ఏడాది కొన్నాడు, అందులో తప్పేం లేదు. కానీ కొన్న నాటి నుంచి దాని ముస్తాబే లోకమైపోయింది. పడితే ఇంజను సొట్టపోకుండా ఇనుప కమ్మీలు, రేడియేటరుకు రాయి తగలకుండా జాలీ, ట్యాంకు మీద గీతలు పడకుండా రబ్బరు తొడుగు. "దానికి ఇన్ని కొన్నారే, నాకొక గొడుగు కొన్నారా?" అని అడిగి, వానలో తడుస్తూనే బస్సెక్కింది మహాతల్లి.

అయినా ఆ బండి మీదే ఆమెను తీసుకురావాలని ముఖేశ్ పట్టుదల. మగబుద్ధి, ఏం చేస్తాం! చెయినును కిరోసిన్‌తో కడిగి, ఆరాక డబ్బాలోని ల్యూబ్ నూనె కొడదామని వాకిట్లో వదిలి స్నానానికి వెళ్లాడు.

తల్లి జయలక్ష్మమ్మ వచ్చి చూసింది. చెయిను ఎండిపోయి ఉంది. కోడలు ఎక్కి వచ్చే బండి కిర్రుమంటే ఎంత అశుభం! ఎద్దులబండి ఇరుసుకు పోసినట్టు చెంబుడు ఆముదం పోసి, పసుపు కుంకుమలు పెట్టి లోపలికి వెళ్లింది. తర్వాత తండ్రి సుబ్బరాయన్ వచ్చాడు. వాకిలంతా జిడ్డు. కోడలు జారిపడితే? నీళ్లపొయ్యిలోంచి తట్టెడు బూడిద తెచ్చి నేల మీద చల్లాడు. కారుతున్నది చెయిను నుంచే కాబట్టి దానికీ ధారాళంగా పట్టించాడు.

తెల్లచొక్కా తొడుక్కుని వచ్చిన ముఖేశ్ గుమ్మంలోంచే కేక పెట్టాడు.

"ఎవురు చేసినారు ఇది?"

"ఆముదమే పోసినాను నాయనా. మీ తాత కాలం నుంచి బండికి అదే కదా" అంది తల్లి.

"నేను బూడిద చల్లినాను. పిల్ల జారి పడదా?" అన్నాడు తండ్రి.

"చెయిను అరిగిపోతుంది నాయనా!"

"అరవొద్దు. సీక్రం తుడుచుకుని పో. రైలు నీకోసం నిలబడదు" అని తొందరపెట్టాడు తండ్రి.

ముఖేశ్ మళ్లీ కడిగాడు. ఆరబెట్టే తీరిక లేక తడి మీదే సగం డబ్బా ల్యూబ్ కొట్టాడు. ఎక్కువైతే చక్రం చిమ్మేస్తుందని తెలియనివాడు కాడు, కంగారులో తెలివి పనిచేస్తేగా! ధర్మపురి దాటేసరికి ఆముదం, బూడిద, ల్యూబ్ కలిసిన నల్లముద్ద ప్యాంటు నిండా, చొక్కా అంచు నిండా పడింది. స్టేషన్ చేరేసరికి రైలు వెళ్లిపోయింది. నందిత టికెట్ కౌంటరు ముందు నిలబడి ఉంది.

"ఆగు నందితా!" అంటూ పరుగెత్తి, రొప్పుతూ జరిగిందంతా చెప్పాడు.

ఆమె అతన్ని కింది నుంచి పైదాకా చూసి ఫక్కున నవ్వింది. "అత్త, మామ నాకోసం ఇంత చేసినారా?" అంటుంటే కళ్లు చెమ్మగిల్లాయి. ముఖేశ్‌కు ప్రాణం లేచొచ్చింది. కానీ బండి దగ్గరికి రాగానే ఆమె ఆగిపోయింది.

"శారీ గార్డు ఏది?" అంది, వెనక చక్రంలో చీర చిక్కకుండా బిగించే కమ్మీ కోసం వెతుకుతూ.

"విప్పేసినాను. చూసేదానికి బాగాలేదని..."

"ఇంజనుకు కమ్మీలు, రేడియేటరుకు జాలీ, ట్యాంకుకు తొడుగు. నాకని ఉన్నది ఒక్కటే, దాన్ని విప్పేసినారా?"

ముఖేశ్ ఆమె చీర కుచ్చిళ్లను, జిడ్డోడుతున్న చెయినును చూశాడు. జీవితంలో మొదటిసారి ఆ బండి మీద అతనికి కోపం వచ్చింది. దాన్ని స్టాండులో దుమ్ముపట్టిన మోపెడ్ల నడుమ నిలబెట్టి తాళం వేశాడు.

"పద. బస్సులో పోదాం."

ఒకే సీట్లో ఆనుకుని కూర్చున్నారు. హెల్మెట్ల లోపలి నుంచి ఎన్నడూ చెప్పుకోని మాటలు ధర్మపురి దాకా చెప్పుకున్నారు. పుట్టింట్లో నిద్ర పట్టలేదని ఆమె, ఇంట్లో అన్నం సహించలేదని అతను.

నడిచి వస్తున్న కొడుకునూ కోడలినీ చూసి జయలక్ష్మమ్మ అదిరిపడింది. "బండి ఏదిరా?"

"నాకోసం వదిలేసినారత్తా" అంది నందిత, ముఖేశ్ నోరు తెరిచేలోపే.

"కొత్త బండినే వదులుకున్నాడా నా బిడ్డ!" అని ఆ తల్లి ఏడ్చేసింది. పక్కింటి పెరుమాయి ఆ మాట విన్నది. సాయంత్రానికి, భార్య కోసం బండి అమ్మేసిన మగాడని పాపారపట్టి ఆడవాళ్లందరూ ముఖేశ్‌ను చూపించి మొగుళ్లను దులిపేస్తున్నారు.

ఇంత గొప్ప పేరు వచ్చాక మొరప్పూర్ నుంచి బండిని ఇంటికి తెచ్చుకోవడానికి ముఖేశ్‌కు ఇంకా ముహూర్తం కుదరలేదు.