బొగ్గు మెరుపు బ్యాండుకు ఘన సన్మానం

సత్తుపల్లి మండల చరిత్రలో మొట్టమొదటిసారిగా ఒక మగవాడి లిప్‌స్టిక్‌కు సర్వజన సమక్షంలో పూలదండ పడింది. ఆ పెదవులు క్రాంతికుమార్‌వి. ఆదివారం చర్చిలో క్వయర్ నడిపే బుద్ధిమంతుడు, మిగతా వారమంతా ‘బొగ్గు మెరుపు’ అనే రాక్ బ్యాండుకు గాయకుడు. గిటారు తండా కుర్రాడు దేవ్లాది. డ్రమ్ములు క్రాంతి చెల్లెలు బ్లెస్సీవి. వెండిరంగు ప్యాంట్లు, కళ్లకు నీలంరంగు, ఎత్తుమడమల బూట్లు. జాకెట్ల నిండా అద్దాలు కుట్టింది దేవ్లా నాయనమ్మ మంగ్లి.

“మా కాలంల ఆడోళ్లం ఏసుకున్నం. గిప్పుడు మీరేసుకోండ్రి. అద్దానికేం ఎరుక?” అని దీవించి పంపింది.

క్రాంతికి ఉన్నది ఒక్కటే కోరిక. సత్తుపల్లి బొగ్గుగని దుమ్ము మీద తాను కట్టిన పాటను ఎవరైనా మొదటి నుంచి చివరి దాకా వినాలి. ఇంట్లో వినిపిద్దామంటే తల్లి సంపూర్ణ మొదటి చరణంలోనే కుక్కర్ దించడానికి లేస్తుంది.

మొదటి ప్రోగ్రాం సత్తుపల్లిలో ఒక బట్టల షాపు ప్రారంభోత్సవం. కళాకారుణ్ణి పాడించే ముందే సన్మానించడం మన మర్యాద. పాడాక అభిప్రాయం మారవచ్చు కదా. కళాపోషక సంఘం అధ్యక్షులు బసవపున్నయ్యగారు మైకు అందుకున్నారు.

“ఈ పిల్లలు మామూలోళ్లు కాదు! ఈళ్ల పాటింటే నా ఒళ్లు జలదరిస్తది! ఆ పాట గురించి మూడే మూడు ముక్కలు చెప్పి కూసుంటా!”

మూడో ముక్కకు అందరికీ ఆకలి వేసింది. శాలువాలు కప్పారు. అద్దాలన్నీ శాలువాల కింద చల్లారి, ముగ్గురూ పెళ్లిపెద్దల్లా కనిపించారు. వందన సమర్పణలో ‘భోజనాలు’ అన్న మాట పడగానే జనం లేచారు, టెంటుహౌస్ వాళ్లు మైకు పీకేశారు. మర్నాడు పేపర్లో ‘సత్తుపల్లిని ఉర్రూతలూగించిన బొగ్గు మెరుపు’ అని ఫొటోతో సహా వచ్చింది. ఊగిన మాట నిజమే, బిర్యానీ వైపు పరుగులో కుర్చీలు ఊగాయి.

ఇక కీర్తికి అడ్డులేదు. కల్లూరులో శాలువాలు. భద్రాచలంలో ‘రాక్ రత్న’ బిరుదు. ఫ్లెక్సీల్లో బ్యాండు ముగ్గురూ పోస్టల్ స్టాంపంత, బసవపున్నయ్యగారు నిలువెత్తు. గిటారు కూడా ఆయన చేతిలోనే ఉంది. అభిమాన సంఘం పుట్టింది, వెంటనే చీలింది. పాత పాటలే బాగున్నాయని ఒక వర్గం, లేదు, కొత్తవే బాగున్నాయని రెండో వర్గం. క్రాంతి మాత్రం ఒక్కటీ పాడలేదు.

బస్టాండులో పోతయ్య అనే అభిమాని వచ్చి వాటేసుకున్నాడు.

“తమ్మీ, నీ పాటిన్న. కళ్లల్ల నీళ్లు తిరిగినయ్.”

“ఏ పాటన్నా?”

“గదే... నువ్వు పాడేది.”

“నేనింకా పాడలే గదన్నా.”

“అవ్, గట్ల వినయంగ ఉండాలె. గందుకే పెద్దోడివైనవ్.”

ఆ మాటతో క్రాంతి తెగించాడు. సత్తుపల్లిలో బసవపున్నయ్యగారు ఏర్పాటు చేసిన మహాసన్మానం రోజు వేదిక వెనక, “శాలువా రాకముందే మొదలుపెడదాం” అన్నాడు.

“అన్నా, ఇయ్యాల మటన్ అంటుండ్రు” అంది బ్లెస్సీ దిగులుగా.

“ముందు పాట, తర్వాత తన్నులు. మిగిల్తే మటన్” అన్నాడు దేవ్లా, గిటారు తగిలించుకుంటూ.

పాట మొదలైంది. *బువ్వల దుమ్ము, బుగ్గల దుమ్ము, దులుపుదమంటే చీపురుల దుమ్ము...*

సభ దిగ్భ్రాంతి చెందింది.

“ఏందిది? పాడుతుండ్రేంది?”

“మంచిగుండేటోళ్లు. పేరొచ్చినంక పొగరెక్కింది.”

బసవపున్నయ్యగారు శాలువా రెండు చేతులా పట్టుకుని, చేప దొరకని వలలా నిలబడిపోయారు. కార్యక్రమానికి కలిగిన అంతరాయానికి చింతిస్తున్నామని ప్రకటించి, జనాన్ని భోజనాలకు నడిపించారు. అభిమాన సంఘంలోని రెండు వర్గాలూ ఆ పూటే ఏకమయ్యాయి. బ్యాండు మునుపటిలా లేదని తీర్మానించాయి.

పాట అయిపోయేసరికి కుర్చీల మధ్య ఒకావిడ మిగిలింది. కల్లూరు నుంచి చుట్టాలతో వచ్చిన ఎర్రమ్మ.

“అయిపోయిందా బిడ్డా? మళ్లోపాలి అందుకో. ఆ పిల్ల గట్టిగ కొడుతుంటే నడుమ మాటలు ఇనపళ్లే.”

క్రాంతి కళ్లకున్న నీలంరంగు బుగ్గల మీదికి కారింది. గొంతు సవరించుకున్నాడు. ఈలోగా మూతి తుడుచుకుంటూ బసవపున్నయ్యగారు తిరిగొచ్చారు.

“ఈమె పాట మొత్తం ఇన్నదా? మొత్తమా?”

“అవ్ సార్” అంది బ్లెస్సీ.

ఆయన ఒక్క ఉదుటున మైకు లాక్కున్నారు.

“సోదర సోదరీమణులారా! మన గడ్డ మీద ఒక పాటను ఆఖరి దాకా విన్న తొలి శ్రోత! ఈమె గురించి మూడే మూడు ముక్కలు...”

మిగిలిపోయిన శాలువా ఎర్రమ్మ చెవుల మీదుగా పడింది. మళ్లీ పాడటానికి క్రాంతి ఒక పక్కన నిలబడే ఉన్నాడు.

ప్రస్తుతం ఎర్రమ్మ ‘శ్రోతశిరోమణి’గా ప్రతి సభలోనూ వేదిక మీదే ఉంటోంది. పాట వినే తీరిక లేదు. తమరు కూడా ఈ కథ ఆఖరి దాకా చదివేశారు. ఆ సంగతి బయట ఎక్కడా అనకండి. బసవపున్నయ్యగారికి మీ ఊళ్లో కూడా చుట్టాలున్నారు.