తడిసిన రసీదు చెల్లదు

డిగ్రీ రోజుల్లో చేసే పరిశోధన విద్యార్థిని ఉద్యోగానికి తీర్చిదిద్దుతుందన్న సత్యం ఇంకెక్కడైనా రుజువైందో లేదో నాకు తెలియదు గానీ, మా ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్ల పేట ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మాత్రం 1988 వానాకాలంలో సాక్ష్యాధారాలతో సహా రుజువైంది. ఆ సాక్ష్యాల్లో నలభై ఒకటో నంబరు నా దగ్గరే ఉంది. అందుకే ఇంత ధీమాగా రాస్తున్నాను.

పరిశోధకురాలి పేరు జ్ఞానరత్నం. బీయస్సీ ఫిజిక్స్. పరీక్షలు అయిపోయాయి, ప్రాజెక్టు ఒక్కటే మిగిలింది. తండ్రి సమూయేలు వర్క్‌షాపులో ఫిట్టరు, అక్టోబరు ముప్ఫై ఒకటిన రిటైరవుతాడు. ఆలోగా కూతురికి రైల్వేలో ఉద్యోగం దొరికితే క్వార్టరు ఆమె పేరు మీదికి మారుతుంది. దొరక్కపోతే సామాను సర్దుకోవాలి. సర్దుకుని ఎక్కడికి పోవాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

కాలేజీలో మైతీ సార్ ఆమెకిచ్చిన అంశం: పెంకుటింటి కప్పు నుంచి కారే చుక్కల వేగం. (ల్యాబులో పరికరాలు లేవు. వానకీ చిల్లులకీ మా పేటలో లోటు లేదు.) అమ్మాయి ఒక రిజిస్టరు, ఒక స్టీలు గ్లాసు, తండ్రి చేతిగడియారం పట్టుకుని బయల్దేరింది. మొదట పక్కింటి నూకాలమ్మ గుమ్మం ఎక్కింది.

"పిన్నీ, మీ కప్పు ఎక్కడెక్కడ కారుతోంది? నిమిషానికి ఎన్ని చుక్కలు?"

నూకాలమ్మ కళ్ళు చెమర్చాయి. "ఇన్నాళ్ళకి మా కప్పుకేసి సూసే దిక్కొచ్చినాది తల్లీ! రాసుకో. పొయ్యి మీద ఒకటి, మంచం మీద రెండు. రాసుకున్నావా? మరి రసీదేదీ?"

"ఇది రీసెర్చి పిన్నీ, రిపేరు కాదు."

"నాకు తెల్దేటి? ముందు రీసెర్చి, ఆనక రిపేరు. రసీదియ్యి."

పాపం జ్ఞానరత్నం ఒక చీటీ మీద తేదీ వేసి, ఒకటో నంబరు రాసి ఇచ్చింది. మర్నాడు పొద్దున్న సమూయేలు గుమ్మం ముందు మనుషులు లేరు, గిన్నెలున్నాయి. మా పేటలో కుళాయి దగ్గర మనిషికి బదులు బిందె నిలబడుతుంది కదా, అదే పద్ధతి. కాకపోతే ఇవి ఇళ్ళలో చుక్క కింద పెట్టిన గిన్నెలు. ఎవరి కప్పు ఎంత కారుతోందో వాళ్ళ గిన్నే వచ్చి చెప్పింది. వారం తిరిగేసరికి మూడువందల పన్నెండు ఇళ్ళు రిజిస్టరుకెక్కాయి. కప్పు కారనివాళ్ళు తొమ్మిదిమంది కూడా, ముందుచూపుతో, రసీదు పట్టుకుపోయారు. (అందులో నేనొకణ్ణి.)

క్వార్టర్ల కప్పుల బాగోగులు చూడ్డానికి కప్పుల సెక్షనని ఒకటుండేది. అక్కడికి ఫిర్యాదులు రావడం ఉన్నట్టుండి ఆగిపోయింది. హెడ్ క్లర్కు సుందర్ రాజుకి కంగారు పుట్టి స్వయంగా సైకిలెక్కి వచ్చాడు. రిజిస్టరు తిరగేశాడు. పేరు, క్వార్టర్ల లైను, చుక్కలు, నంబరు, తేదీ. కొట్టివేత ఒక్కటి లేదు.

"రిపేరెప్పుడని అడిగితే ఏటి సెప్పినావమ్మా?"

"లెక్కలు పూర్తయ్యాక అన్నాను సార్."

"ఆళ్ళేటన్నారు?"

"సరేనని వెళ్ళిపోయారు."

సుందర్ రాజు గుమ్మంలోనే కూలబడ్డాడు. "ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది. తిట్లు తిన్నాను, గొడుగు దెబ్బలు తిన్నాను. ఈ ఒక్క మాట తోచనేదు!" ఉద్యోగానికి ఇంటర్వ్యూ అక్కడితో ముగిసింది. కానీ రిజిస్టరు ఆఖరి పేజీలో జ్ఞానరత్నం పరిశోధన ఫలితం రాసి పెట్టింది: ఇంటికి సగటున పదకొండు పెంకులు మారిస్తే పేటంతా కారడం ఆగుతుంది.

"ఈ పేజీ తీసెయ్యి తల్లీ," అన్నాడు సుందర్ రాజు, సొంత కూతురికి చెప్పినంత మెల్లగా. "ఇదుంటే సెక్షనెందుకు? సెక్షను నేకపోతే నీకు సీటెక్కడిది?"

ఆ పూట జ్ఞానరత్నం అన్నం ముట్టలేదు. తల్లి ఎస్తేరమ్మ గోడకున్న క్యాలెండరు ముందు నిలబడి అక్టోబరు కాగితం ఒకసారి ఎత్తి చూసి వదిలేసింది. మర్నాడు ఆఖరి పేజీ లేదు. అక్టోబరు ఇరవై ఆరున జ్ఞానరత్నం కప్పుల సెక్షనులో ఫిర్యాదుల గుమస్తాగా చేరింది. ఇల్లు నిలబడింది. పరిశోధన చేసినవారిలో నూటికి నూరుమందికి ఉద్యోగం వచ్చిందని కాలేజీ నోటీసు బోర్డులో పెట్టింది. (చేసింది ఆమె ఒక్కర్తే.)

పరిశోధన ఇచ్చిన సునిశిత పరిశీలన ఊరికే పోలేదు. రసీదుల మీద సిరా అలుక్కుపోతే నంబరు కనబడదని ఆమె గమనించి పైవాళ్ళకి నోటు పెట్టింది. నిబంధన వచ్చింది: తడిసిన రసీదు చెల్లదు. మరుసటి వానాకాలానికి చెల్లే ఫిర్యాదులు తొమ్మిదికి దిగాయి. ఆ తొమ్మిదిళ్ళకీ తనిఖీ వచ్చింది. మా ఇంటికీ వచ్చారు, మర్యాదస్తులు, టీ తాగారు. పేటలో ఏ కప్పూ కారడం లేదని రాసుకుపోయారు.

ఆ జూలైలోనే ఒక రోజు కౌంటరు ముందు ఎస్తేరమ్మ నిలబడింది, వంతు వచ్చేదాకా ఆగి, చేతిలో ముద్దయిన చీటీతో.

"తడిసిన రసీదు చెల్లదమ్మా," అంది జ్ఞానరత్నం, తలెత్తకుండా.

"తడిసిందనే గదే వచ్చినాను!"

జ్ఞానరత్నం కాసేపు కలం మూత తీసి, పెట్టి, చివరికి కొత్త రసీదు రాసి తల్లి చేతిలో పెట్టింది. ఎస్తేరమ్మ దాన్ని కొంగులో చుట్టి ఇంటికి తీసుకెళ్ళి, ట్రంకుపెట్టె, బియ్యం డబ్బా, బైబిలు, అన్నీ తడిమి చూసింది, పొడిచోటు ఎక్కడా దొరకలేదు. సాయంత్రం కూతురు రాగానే మళ్ళీ ఆమె చేతికే ఇచ్చి, ఆఫీసు బీరువాలో దాచమంది. అక్కడైతే కప్పు కారదు.